మూడు హార్నుల కూర్మయ్య

మలేషియాలోని సుంగై పెటానిలో రబ్బరు గ్లవుజులు చేసే ఒక ఫ్యాక్టరీకి కూర్మయ్య గేటు కాపలాదారు. లారీ వచ్చి ఒక హార్ను కొడితే తియ్యడు. రెండోది కొట్టినా కుర్చీలోంచి లేవడు. మూడోది పడ్డాకే లేచి, టార్చి వేసి, డ్రైవరు మొహం ఒకటికి రెండుసార్లు చూసుకుని గొళ్లెం తీస్తాడు. కొత్త డ్రైవర్లు బూతులు తిట్టేవాళ్లు. పాతవాళ్లు వరసగా మూడూ కొట్టేసి సిగరెట్టు ముట్టించుకునేవాళ్లు. షణ్ముగం అనే తమిళ డ్రైవరైతే ఏకంగా మూడు హార్నుల కూర్మయ్య అని పేరే పెట్టేశాడు. మేనేజరు పిలిచి ఇదేం పద్ధతని అడిగితే, జాగ్రత్త కోసం సార్ అన్నాడు కూర్మయ్య.

జాగ్రత్తా లేదు, పాడూ లేదు. భయం.

ఆయన పుట్టింది ఎస్టేటులో, కూలీల లైను ఇళ్లలో. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. రబ్బరు గీసేవాళ్లు తెల్లారకముందే తలకి దీపం కట్టుకుని చెట్లలోకి వెళ్తారు. తలా ఒక వరస పట్టుకుంటే ఒకళ్ల కంటికి ఒకళ్లు ఆనరు. ఎవరెక్కడున్నారో తెలియాలంటే పిలుపులే. కూర్మయ్య చిన్నప్పుడు వాళ్ల చిన్నాన్న అప్పలసామిని అలా చీకట్లోంచి ఎవరో పిలిచారు. ఒక్కసారే పిలిచారు. ఆయన "ఓయ్, వస్తన్నాను" అని గీతకత్తి చెట్టుకి గుచ్చి వెళ్లాడు. మర్నాడు ఎస్టేటు చివర వాగులో బోర్లాపడి కనిపించాడు. పిలిచింది మేమే అన్నవాళ్లు లైనులో ఒక్కరూ లేరు. కాలు జారి పడ్డాడని ఎస్టేటు గుమస్తా తేల్చేశాడు.

నాయనమ్మ అచ్చమ్మ మాత్రం మనవణ్ణి ఒళ్లో కుక్కుకుని చెప్పింది. "ఎవులు పిలిసినా ఒకటో పిలుపుకి పలక్కురా. రెండోదానికీ పలక్కు. దెయ్యాలకి మూడోసారి పిలవడం సేతకాదు. మనిసైతే పిలుస్తాడు."

అంతే. ఎస్టేటు అమ్ముడుపోయింది, రబ్బరు చెట్లు కొట్టేసి ఆయిల్ పామ్ వేశారు, తర్వాత అదీ కొట్టేసి ఇళ్లు కట్టారు. అచ్చమ్మ పోయింది. ఆ మాట మాత్రం కూర్మయ్యలో ఉండిపోయింది. దాని వెనకే మిగతా భయాలూ వచ్చి చేరాయి. లిఫ్టంటే భయం, సముద్రమంటే భయం, ఓవర్ బ్రిడ్జి మీద మోటారుసైకిలంటే భయం. అలాంటి మనిషి కాపలా ఉద్యోగం ఎందుకు చేస్తాడని నవ్వేవాళ్లకి తెలియనిది ఒకటుంది. తలుపు లోపలి వైపు కూర్చోబెట్టి జీతమిచ్చే ఉద్యోగం అదొక్కటే.

ఆయన కూతురు తర్షిణి వేరే రకం. సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. శనివారం వచ్చిందంటే ఏదో ఒక కొండ మీద ఉంటుంది. ఈసారి సముద్రం అవతల సబాలో, కినబాలు పర్వతం పక్కనున్న ఒక పొడుగాటి లోయదారి నడవాలని పట్టుబట్టింది. ఆఫీసులో తనతో పనిచేసే సుమిత, తను, అక్కడి గైడు, ముగ్గురే. తల్లి విజయరాణి స్కూలు క్యాంటీన్‌లో వంటమనిషి. పిండి కలుపుతూ ఒక్క మాటలో తేల్చింది.

"మీ నాన తోడొస్తే ఎల్లు. నేకపోతే నేదు."

"అమ్మా, నానాకి లిఫ్ట్ ఎక్కడానికే బయం లా!" అంది తర్షిణి, మలేషియావాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

"బయమున్నోడే ఒళ్లు దగ్గరెట్టుకుని సూసుకుంటాడు."

టీవీ ముందు నుంచి కూర్మయ్య అన్నాడు: "నన్నెవులూ అడగనేదేటి?"

"అడిగితే ఏటంటావు?"

"రానంటాను."

"అందుకే అడగనేదు," అంది విజయరాణి.

విమానంలో ముందు సీటు వీపు పట్టుకుని కూర్చున్న కూర్మయ్య కోట కినబాలు ఎయిర్‌పోర్టులో దిగేదాకా వదల్లేదు. ఆ సీట్లో ఉన్న చైనా ముసలాయన పాపం రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, నమస్కారం లాంటిది చేశాడు.

గైడు పేరు లాజిమ్. ఆ కొండ కిందే పుట్టిన దుసున్ తెగ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు, అవసరమైతేనే మాట్లాడతాడు. కూర్మయ్యని మొదటి చూపులోనే పెద్దవాళ్లని పిలిచినట్టు "పక్చిక్" అన్నాడు. దారి మొదట్లో నిలబెట్టి మలయ్‌లో మూడు మాటలు చెప్పాడు.

"ఇక్కడ ఊరికే కేకలు పెట్టకండి. మా పెద్దవాళ్లు నిద్రపోయే చోటు. వాన వస్తే ఏటి దగ్గర ఉండొద్దు, పైకెక్కండి. పైన కురిసింది కింద మీకు తెలియదు, నీళ్లే వచ్చి చెప్తాయి. నేను కనపడకపోతే ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి. నేను పిలుస్తాను, పలకండి."

మొదటి రెండింటికీ కూర్మయ్య గట్టిగా తలూపాడు. ఇలా మాట్లాడే మనిషి దొరికినందుకు కాస్త ధైర్యం కూడా వచ్చింది. మూడో మాట దగ్గర తల ఆగింది. అది ఎవరూ చూడలేదు.

లోయ లోపలికి వెళ్లేకొద్దీ ఆకాశం సన్నబడింది. రెండు వైపులా బూడిదరంగు రాతి గోడలు. ఎవరో ఉలితో చెక్కి, పైన ఇసుక కాగితం పట్టినట్టు నున్నగా ఉన్నాయి. వాటి మీంచి సన్నటి నీటి చారలు జారుతున్నాయి. అడుగున ఏరు, ఏటి నిండా ఏనుగులంత బండలు.

"ఇదంతా ఐస్ కోసింది నానా," అంది తర్షిణి. "శానా వేల సంవత్సరాల ముందు ఈ కొండ మీద ఐస్ ఉండేదంట. అది జారుతా జారుతా ఈ రాయిని గీకీసింది."

"మలేషియాలో ఐసేటి? తినే ఐస్ కచాంగ్ గిన్నెలో తప్ప నానెక్కడా సూణ్ణేదు."

సుమిత పగలబడి నవ్వింది. నవ్వు వెళ్లి అవతలి గోడకి కొట్టుకుని, కాస్త ఆలస్యంగా, కాస్త వేరే గొంతుతో తిరిగొచ్చింది. కూర్మయ్య నడక ఆపేశాడు.

"అదేటది?"

"ఎకో లా, నానా. గోడ తిరిగి సెప్తాది."

గోడ తిరిగి చెప్పడం ఆయనకి బొత్తిగా నచ్చలేదు. అచ్చమ్మ ఉన్న ఎస్టేటులో గోడలు లేవు. ఒక పిలుపు గోడకి తగిలి రెండైతే దాన్ని ఒకటిగా లెక్కపెట్టాలా, రెండుగానా? ఈ సంగతి ఆమె చెప్పలేదు. అక్కణ్ణుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు, తన అడుగుల చప్పుడే గోడ నుంచి వస్తోంది. తెలిసినా మళ్లీ తిరిగి చూశాడు.

మధ్యాహ్నం దాటాక దారి ఏటిని వదిలి గోడ ఎక్కింది. రాతి మీద ఒక మనిషి పాదం పట్టేంత అంచు, పట్టుకోవడానికి తాడు, కింద ఖాళీ. అప్పటికే సుమితకి తల తిరుగుతోంది, రెండుసార్లు కక్కుకుంది. లాజిమ్ ఆమె సంచీ కూడా తనే వేసుకుని, చెయ్యి పట్టుకుని అంచు మీదకి నడిపించాడు.

"ఈమెని అవతల కూర్చోబెట్టి వస్తాను. ఇక్కడే ఉండండి. పక్చిక్, కదలొద్దు," అని మలుపు తిరిగాడు.

వాళ్లటు వెళ్లారో లేదో, పైనుంచి పొగమంచు దిగింది. ముందు గోడల కొసలు పోయాయి, తర్వాత తాడు సగం నుంచి కనపడటం మానేసింది. ఆ తాడు ఎక్కడికి పోతుందో తెలియకుండా గాల్లో వేలాడుతున్నట్టుంది. కూర్మయ్య దానివంక చూస్తూ చూస్తూ కూలబడ్డాడు.

"నానీ గోడ మీద నడవనేను తల్లీ. సచ్చిపోతాను."

"లాజిమ్ వచ్చి పట్టుకుంటాడు నానా. కాసేపుండు."

"ఆడు పట్టుకుంటే ఆణ్ణీ లాగీస్తాను. కిందన ఏటి పక్కనుంచి దారి ఉన్నాది, సూడు. ఆ రాళ్ల మీంచి ఎల్తే అవతల కలుస్తాది."

"గైడ్ కదలొద్దన్నాడు కదా!"

"నాకు కాళ్లు ఒణుకుతున్నాయే."

నిజంగానే వణుకుతున్నాయి. ప్యాంటు మోకాళ్ల దగ్గర గుడ్డ కదలడం తర్షిణికి కనిపించింది. తండ్రిని ఆమె అలా ఎప్పుడూ చూడలేదు. జాలిపడింది. ఒక్క నిమిషం జాలిపడకుండా ఉంటే ఏమీ అయ్యేది కాదు. "సరే పద, మెల్లగా," అంది.

ఏటిలోకి దిగి రెండు బండలు దాటారు. మూడో బండ మీద పాచి. తర్షిణి కాలు జారి రెండు రాళ్ల మధ్య సందులోకి పోయింది. ఒళ్లంతా ఒకవైపు ఒరిగింది, పాదం మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆమె అరుపు విని కూర్మయ్య తను ఎక్కడున్నాడో కూడా మర్చిపోయాడు. బురదలో పడుకుని రెండు చేతులతో రాయి కెలికి పాదం బయటికి తీసి, బూటు విప్పాడు. చీలమండ అప్పుడే వంకాయలా ఉబ్బింది. మళ్లీ బూటు తొడగనివ్వడం లేదు, నేల మీద ఆనించనివ్వడం లేదు.

ఫోనులో సిగ్నల్ లేదు. విజిల్ ఉంది గానీ అది సుమిత సంచీలో ఉంది. మంచు ఇప్పుడు ఎంత దట్టంగా ఉందంటే కూర్చున్న కూతురి పాదాలు నిలబడ్డ తండ్రికి మసకగా ఉన్నాయి. ఎటు నుంచి వచ్చారో, అంచు ఎటుందో తెలియదు. ఎక్కడో చాలా పైన, బియ్యం పోసినట్టు సన్నటి చప్పుడు మొదలైంది. వాన. ఇక్కడ చుక్క పడటం లేదు.

అప్పుడు వినిపించింది.

"పక్... చిక్..."

గొంతు సాగిపోయి, తడిసిపోయి, పైనుంచి వచ్చిందో పక్కనుంచి వచ్చిందో తెలియకుండా ఉంది. లాజిమ్ గొంతులా ఉంది. లాజిమ్ గొంతులా లేదు కూడా. తర్షిణి ఊపిరి పీల్చి నోరు తెరిచింది. అంతలో కూర్మయ్య చెయ్యి ఆమె నోటి మీద పడింది.

ఆలోచించి వేసిన చెయ్యి కాదు. గేటు దగ్గర కుర్చీలోంచి లేవని కాళ్లు ఎలాంటివో, ఇదీ అలాంటిదే. ఆ క్షణాన ఆయన కళ్ల ముందున్నది లోయ కాదు, రబ్బరు చెట్లూ, చెట్టుకి గుచ్చిన గీతకత్తీ.

"పలక్కు," అన్నాడు చెవిలో. "ఇది ఒకటోది."

గోడ తిరిగి చెప్పింది. చిక్... చిక్... అది లెక్కలోకి రాదనుకున్నాడు. తర్షిణి తల విదిలిస్తోంది. ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు. ముసలి చేతికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

"పక్... చిక్..."

రెండోది. ఇంకొక్కటి. ఇంకొక్కటి పిలువు నాయనా, పలికేస్తాను, గొంతు చించుకుని పలికేస్తాను. కూర్మయ్య ఎదురుచూశాడు. పైన ఎక్కడో రాయి కదిలిన చప్పుడు, అడుగుల చప్పుడు. ఆ అడుగులు దూరమైపోయాయి.

మూడోది రాలేదు.

తర్షిణి ఆయన అరచేతిని కొరికింది. పళ్లు దిగేలా కొరికి, చెయ్యి తోసేసి, "లాజిమ్! ఇక్కడ! ఇక్కడున్నాం!" అని అరిచింది. కానీ అప్పటికి వాన లోయలోకి దిగిపోయింది. ఆమె గొంతు వాళ్లిద్దరి చుట్టూనే తిరిగి వానలో పడిపోయింది.

"ఏటి సేసినావు నానా?" ఆమె ఏడుస్తోంది. "ఏటి సేసినావు? మన మీదనే నిల్చున్నాడు! ఎల్లిపోయినాడు!"

"మూడోసారి పిలవనేదమ్మా..."

"ఆడు మనిసి లా! రెండుసార్లు పిలిసి పలక్కపోతే వేరే చోట ఎతుకుతాడు! మనిసి అట్టాగే సేస్తాడు!"

కూర్మయ్యకి, అరవయ్యేళ్లకి దగ్గరవుతున్న వయసులో, కన్నకూతురు చెప్తే మొదటిసారి తట్టింది. షణ్ముగానిది లారీ కాబట్టి గేటు ముందు ఆగి మూడూ కొడతాడు. ఆ లారీకి వెళ్లడానికి వేరే గేటు లేదు.

కాళ్ల దగ్గర నీళ్లు రంగు మారాయి. అద్దంలా ఉన్న ఏరు టీ రంగుకి తిరిగింది. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. నీళ్లే వచ్చి చెప్తాయని లాజిమ్ అన్నది ఇదే. చూస్తుండగానే తర్షిణి కూర్చున్న రాయి అంచు మునిగింది. కూర్మయ్య ఆమె చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగాడు. ఆమె నొప్పితో అరుస్తోంది, ఆయన లాగుతున్నాడు. రాయికి రాయి పట్టుకుని, కడుపు మీద పాకి, ఒక పెద్ద బండ మీదకి చేర్చాడు. ఆ పైన నున్నటి గోడ. ఐసు గీకిన గోడ. గోరు పట్టడానికి కూడా చోటు లేదు. ఇంక పైకి దారి లేదు.

కింద ఏరు బుసకొడుతోంది. తర్షిణి పళ్లు టకటకలాడుతున్నాయి. "నానా, బయంగున్నాది," అంది. చిన్నప్పుడు కరెంటు పోతే అనేది, ఇదే గొంతుతో.

కూర్మయ్య బండ మీద లేచి నిలబడ్డాడు. పుట్టి ఇన్నేళ్లలో అడవిలో తానుగా ఆయన ఎవరినీ పిలవలేదు. పిలిస్తే ఏది పలుకుతుందో అని. ఇక్కడ పెద్దవాళ్లు నిద్రపోతున్నారు, లేస్తే లేవనీ. చిన్నాన్నని పిలిచింది కూడా ఇక్కడే ఎక్కడో ఉంటే ఉండనీ.

"లాజిమ్!"

మళ్లీ అరిచాడు. గోడ తిరిగి అరిచింది, జిమ్... జిమ్... అది తన గొంతో, మరొకరిదో తెలియదు. తెలుసుకోవడానికి ఆగితే మళ్లీ ఇందాకటిలానే అవుతుంది. అందుకని దానికీ పలికాడు.

"ఓయ్! ఇక్కడున్నాను! ఓయ్!"

చిన్నాన్న నోట్లోంచి ఆఖరున వచ్చిన మాట అది. అయినా ఆపలేదు. గోడ "ఓయ్" అంటే ఓయ్ అన్నాడు. వాన గట్టిగా కొడితే ఓయ్ అన్నాడు. రాయి దొర్లితే దానికీ ఓయ్ అన్నాడు. పిచ్చివాడిలా ప్రతి చప్పుడికీ పలుకుతూనే ఉన్నాడు. తర్షిణి కూడా గొంతు కలిపింది. గొంతు బొంగురుపోయి రక్తం రుచి తగిలేదాకా పలికాడు.

"పక్చి..."

మాట పూర్తి కానివ్వలేదు. "ఇక్కడే! ఇక్కడే! మూడోసారి పిలవక్కర్లేదు, ఇక్కడే!" అన్నాడు తెలుగులో. లాజిమ్‌కి తెలుగు రాదన్న సంగతి అప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

మంచులోంచి ముందు ఒక తాడు దిగింది. ఆ తర్వాత రెండు కాళ్లు. ఆ కాళ్లకి పాదాలు ముందుకే ఉన్నాయా అని కూర్మయ్య వంగి చూశాడు. నిజం. అంత వానలో, అంత అపాయంలో, అదొక్కటి చూసుకున్నాడు. ముందుకే ఉన్నాయి.

లాజిమ్ తర్షిణిని వీపుకి కట్టుకుని ఎక్కాడు. నడుముకి తాడు కట్టించుకుని కూర్మయ్య వెనకే ఎక్కాడు. ఇందాక చచ్చినా నడవనన్న అంచు మీద, కళ్లు తెరుచుకుని, ముందు వెళ్తున్న కూతురి వేలాడే పాదాన్నే చూస్తూ నడిచాడు. మలుపులో ఒకసారి మంచు విడిచిన సందులోంచి కిందికి చూస్తే తర్షిణి మొదట కూర్చున్న రాయి లేదు. అది ఉండాల్సిన చోట గోధుమరంగు నురగ తిరుగుతోంది.

అంచు అవతలి రేకుల బసలో పొయ్యి ముందు కూర్చున్నాక లాజిమ్ మ్యాగీ కప్పు చేతికిచ్చి అడిగాడు. "పక్చిక్, మీ తల మీదే నిలబడి పిలిచాను. వినపడలేదా?"

కూర్మయ్య అబద్ధం చెప్పలేదు. తనకొచ్చిన మలయ్‌లో చిన్నాన్న సంగతి, అచ్చమ్మ సంగతి, గేటు సంగతి అంతా చెప్పాడు. సుమిత కళ్లు పెద్దవి చేసి విన్నది. లాజిమ్ నవ్వలేదు. కాసేపు నిప్పు ఎగదోసి, "ముందే చెప్పాల్సింది. చెప్తే మూడోసారి పిలిచేవాణ్ణి," అన్నాడు. "ఇక్కడికి వచ్చేవాళ్లందరికీ ఏదో ఒక భయం ఉంటుంది. అది నాకు తెలియకపోతేనే ప్రమాదం."

తర్షిణి ఆ సాయంత్రం తండ్రితో మాట్లాడలేదు. మర్నాడు కిందికి మోసుకొస్తున్నప్పుడూ మాట్లాడలేదు. విమానంలో మాత్రం, ముందు సీటు పట్టుకోబోతున్న ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అరచేతిలో పళ్ల గాటు నల్లగా కమిలి ఉంది. దాని మీద వేలితో ఒకసారి రాసి, కిటికీ వైపు తిరిగింది.

ఇంట్లో విజయరాణి ముందు కూతురి కాలికట్టు చూసి గుండెలు బాదుకుంది. తర్వాత మొగుడి చెయ్యి చూసింది.

"ఇదేటి?"

"జలగ," అన్నాడు కూర్మయ్య.

"జలగ పళ్లు ఇంతుంటాయేటి?"

"అక్కడ శానా పెద్ద జలగలు లా, అమ్మా," అంది తర్షిణి సోఫాలోంచి. "అరిసే జలగలు."

తర్వాతి వారం సాయంత్రం షిఫ్టు. వాన మొదలైంది. గేటు బయట లారీ లైట్లు వెలిగాయి, ఒక హార్ను పడింది. కూర్మయ్య కాళ్లు కుర్చీ కింద బిగుసుకున్నాయి. వీధిలో దీపాలు లేవు, లారీ రంగు తెలియదు, లోపలున్నది ఎవరో తెలియదు. అయినా లేచాడు. రెండోది పడకముందే గొళ్లెం లాగాడు.

అలవాటు చొప్పున షణ్ముగం మిగతా రెండు హార్నులూ కొట్టేసి, అప్పుడు చూశాడు, గేటు తెరిచి ఉంది. లారీ కదలలేదు. అద్దం దింపి తల బయటపెట్టాడు.

"ఎన్న అణ్ణే, ఉడంబు సరియిల్లయా?" ఒంట్లో బాగోలేదా అన్నాయ్ అని అడుగుతున్నాడు.

"బానే ఉన్నాను. బయంగున్నాది, అంతే," అన్నాడు కూర్మయ్య. "తొరగా లోపలికి రా, మూసీయాలి."

షణ్ముగం గేటు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసి, గేరు వేశాడు.